ఆయన పింఛను మీ పేరు మీదికి రావాలంటే...

"బిడ్డా, ఈ నెల గూడ పడలేదా?"

ప్రతి నెలా ఒకటో తారీఖు దాటగానే మా అత్తమ్మ ఈ మాట అడిగేది. నేను జవాబు చెప్పేలోపే నా మొహం చూసి "పోనీలే, వచ్చే నెల వస్తది" అని తనే అనేసి లోపలికి పోయేది. అట్లా పదకొండు నెలలు అడిగింది. ఆ పదకొండు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా "నాకు పది రూపాయలియ్యి" అని కొడుకులనీ అడగలేదు, కోడళ్ళనీ అడగలేదు. మెడలోని బంగారు గుండ్లు మాత్రం కనిపించకుండా పోయాయి. "బరువైనయి, తీసి పెట్టిన" అంది. మేం నమ్మేశాం.

మాది జైనూరు. 1943లో హైమండార్ఫ్ దొర ఇక్కడి మార్లవాయిలో గోండు పంతుళ్ళకు శిక్షణ మొదలుపెట్టిన నాటి నుంచి మా మండలంలో సార్లకు కొదవ లేదు. సార్లున్న చోట పింఛన్లుంటాయి, పింఛన్లున్న చోట ఈ తిప్పలూ ఉంటాయి. మా మామయ్య కూడా గూడేల్లో సారుగా పని చేసి రిటైరయినవారే. కొన్నేళ్ళ కిందట శ్రావణంలో పోయారు. ఆయన పింఛను అత్తమ్మ పేరు మీదికి మారడానికి మేం తిరిగిన తిరుగుడే ఈ వ్యాసం రాయించింది.

నేను లాయరుని కాదు. ఇంటర్ చదివి, పెళ్ళయి, పొయ్యి దగ్గరికి వచ్చినదాన్ని. కానీ ఆఫీసు మెట్లెక్కి దిగి కొంత నేర్చుకున్నాను. మీలో చాలామంది ఇంటి లెక్కలు పైసాతో సహా చెప్పగలరు. మీ ఆయన పింఛను కాగితాలు ఎక్కడున్నాయో చెప్పగలరా? చెప్పలేకపోతే ఈ రెండు పేజీలు ఓపిగ్గా చదవండి.

మనం అడిగేది దయ కాదు

ముందు ఒక మాట గట్టిగా మనసులో పెట్టుకోండి. పింఛను ఎవరో జాలిపడి ఇచ్చేది కాదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. పింఛను యజమాని దయతో ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ తీర్పునిచ్చింది. ఆ కేసు వేసిన డి.ఎస్. నకారా గారు కూడా రిటైరయిన ఉద్యోగే. అందుకే ఏటా డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు.

1984లో కేరళ ప్రభుత్వానికీ, పద్మనాభన్ నాయర్ గారికీ నడిచిన కేసులో అదే కోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. అధికారుల అలసత్వం వల్ల పింఛను, గ్రాట్యుటీ ఆలస్యమైతే వడ్డీ కట్టాల్సిందేనంది. అంటే మన డబ్బు వాళ్ళ బల్ల మీద నిద్రపోతే ఆ నిద్రకు ఖరీదుంది అన్నమాట.

ఈ సంగతులు తెలియక మా అత్తమ్మ ఆఫీసులో గుమాస్తాకి రెండు చేతులూ జోడించి నిలబడేది. నాకేమో కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

అది ఏ ఇంటి పింఛను?

అన్ని పింఛన్లూ ఒకే చోటి నుంచి రావు. మన వైపు ముఖ్యంగా మూడు రకాలున్నాయి. వీటిని కలగలిపితే తప్పు గుమ్మం ముందు నెలలు గడిచిపోతాయి.

మొదటిది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులది. మామూలుగా మంజూరు చేసేది హైదరాబాదులోని ఎ.జి. ఆఫీసు, డబ్బు వేసేది ట్రెజరీ. మంజూరు చేసేవారు వేరు, చెల్లించేవారు వేరు. ఇది గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

రెండోది సింగరేణి వాళ్ళది. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గు బావుల్లో దిగినవారికి 1948 చట్టం కింద వేరే ప్రావిడెంట్ ఫండ్ ఉంది. 1971లో కుటుంబ పింఛను, 1998లో ఇప్పటి పింఛను పథకం వచ్చాయి. దీని ఆఫీసు గోదావరిఖనిలో ఉంది.

మూడోది ఇ.పి.ఎఫ్. వాళ్ళది. ఫ్యాక్టరీలు, కంపెనీలు, కార్పొరేషన్లలో పని చేసేవారికి 1995 నవంబరు 16న మొదలైన పథకం ఇది. ఆర్.టి.సి. కండక్టర్లు, డ్రైవర్ల పింఛను కూడా ఇందులోదే.

మా పెద్దమ్మ వాళ్ళాయన బావిలో పని చేసినవాడు. ఆయన పోయాక ఎవరో "పి.ఎఫ్. ఆఫీసుకు పో" అంటే, ఆమె ఇ.పి.ఎఫ్. ఆఫీసుకు రెండుసార్లు వెళ్ళి వచ్చింది. రెండిటి పేర్లోనూ పి.ఎఫ్. ఉందిగా మరి! బస్సు చార్జీలు, రెండు రోజుల కూలీ పోయాక తెలిసింది అది తమ ఆఫీసే కాదని.

ఇంకోటి. గ్రామాల్లో ముసలివారికిచ్చే ఆసరా పింఛను ఇది కాదు. దాని లెక్క వేరు, దాని దారి వేరు.

ఎక్కడ చిక్కు పడుతుంది?

పింఛను మంజూరైనప్పుడు ఒక ఉత్తర్వు వస్తుంది. అందరూ పి.పి.ఓ. అంటారు. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి పింఛనుదారు దగ్గర, రెండోది డబ్బు చెల్లించే ఆఫీసు దగ్గర ఉంటాయి. ఆ కాగితంలో భార్య పేరు, పుట్టిన తేదీ, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో సరిగ్గా ఉన్నాయనుకోండి, ఆయన పోయిన తర్వాత మరణ ధ్రువపత్రం, దరఖాస్తు ఇస్తే ట్రెజరీలోనే కుటుంబ పింఛను మొదలవుతుంది. మళ్ళీ హైదరాబాదు దాకా పోనక్కరలేదు.

అవి సరిగ్గా లేకపోతేనే కష్టమంతా. మా అత్తమ్మ సంగతే చూడండి. మామయ్య సర్వీసు పుస్తకంలో ఆమె పేరు లక్ష్మీబాయి. ఓటరు కార్డులో లచ్చవ్వ. ఆధార్‌లో లక్ష్మి. వయసు మూడు చోట్లా మూడు రకాలు. ఊళ్ళో అందరికీ ఆమె ఒక్కతే. కాగితానికి మాత్రం ముగ్గురు ఆడవాళ్ళు!

ఇంకో పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. మామయ్య పోయాక రెండు నెలలు ఆయన ఖాతాలో పింఛను పడింది. మా బావగారు ఎ.టి.ఎం. కార్డుతో తీసి దినాల ఖర్చుకు వాడారు. తప్పని ఆయనకు తెలియదు. నిజానికి చనిపోయిన రోజు వరకే ఆయన పింఛను. మర్నాటి నుంచి భార్య కుటుంబ పింఛను మొదలవుతుంది. ఆ తర్వాత పడిన డబ్బును ఆఫీసు వెనక్కి రాబట్టుకుంటుంది. ఆ లెక్క తేలేదాకా మన ఫైలు కదలదు. కాబట్టి అక్కలూ, ఇంట్లో అంత దుఃఖంలో ఉన్నా సరే, పింఛను ఇచ్చే ఆఫీసుకూ బ్యాంకుకూ చావు కబురు వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. ఆ కార్డు ఎవరి చేతికీ ఇవ్వకండి.

చనిపోయిన రోజు వరకు ఆయనకు రావలసిన బాకీ ఏమైనా ఉంటే అది వేరే దరఖాస్తు. 'లైఫ్ టైమ్ ఎరియర్స్' అంటారు. అది నామినీకి వస్తుంది. చాలామంది అది అడగనే అడగరు.

ఊరు మారితే, ఉద్యోగం మారితే

రిటైరయ్యాక పిల్లల దగ్గరికి వెళ్ళిపోయేవారుంటారు. ట్రెజరీ పింఛను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారాలంటే, పాత ఆఫీసు తన దగ్గరున్న పి.పి.ఓ. భాగాన్నీ, ఏ నెల వరకు చెల్లించిందో చెప్పే ఆఖరి చెల్లింపు పత్రాన్నీ కొత్త ఆఫీసుకు పంపాలి. వేరే రాష్ట్రానికైతే రెండు రాష్ట్రాల ఎ.జి. ఆఫీసుల మీదుగా పోవాలి. 2014 తర్వాత విజయవాడ, గుంటూరు కూడా మనకు వేరే రాష్ట్రమే కదా! కాగితాలు దారిలో ఉన్నన్నాళ్ళు డబ్బు రాదు. అందుకే మారే ముందు కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోండి. పాత ఆఫీసు పంపిన ఉత్తరం నంబరు, తేదీ రాసుకుని మరీ బయలుదేరండి.

ఇ.పి.ఎఫ్. పింఛను వాళ్ళకు ఈ బాధ తీరింది. 2025 జనవరికల్లా దేశమంతటా కేంద్రీకృత చెల్లింపు పద్ధతి వచ్చింది. 68 లక్షల పైచిలుకు పింఛనుదారులు ఏ బ్యాంకులోనైనా, ఏ శాఖలోనైనా డబ్బు తీసుకోవచ్చు. ఊరు మారినా పి.పి.ఓ. మార్పించుకోవలసిన పని లేదు.

కానీ ఉద్యోగంలో ఉండగా కంపెనీ మారేవారి తిప్పలు వేరు. మా ఆడబిడ్డ భర్త మూడు చోట్ల పని చేశాడు. నాలుగేళ్ళు, మూడేళ్ళు, మళ్ళీ నాలుగేళ్ళు. మొత్తం పదకొండు. పింఛనుకు పదేళ్ళ సర్వీసు చాలు. అయినా "మీకు ఎనిమిదేళ్ళే ఉంది" అన్నారు. మధ్య కంపెనీ వాళ్ళు ఆయన మానేసిన తేదీ ఎక్కించలేదు, ఆ ఖాతా బదిలీ కాలేదు. మూడేళ్ళు గాలిలో కలిసిపోయినట్టయింది! ఆ పాత ఖాతాను వెతికి పట్టుకుని కలిపించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక్కడ తెలుసుకోవలసింది ఒకటుంది. ఉద్యోగం మారినప్పుడు పి.ఎఫ్. డబ్బు బదిలీ అవుతుంది. పింఛనుకు మాత్రం బదిలీ అయ్యేది సర్వీసు లెక్క. పాస్‌బుక్కులో డబ్బు కనబడింది కదా అని ఊరుకోకూడదు, సర్వీసు కూడా చేరిందా లేదా చూడాలి. మధ్యలో అవసరమని పింఛను భాగం కూడా తీసేసుకుంటే ఆ ఏళ్ళు లెక్కలోంచి పోతాయి. మీ ఆయనో, అబ్బాయో ఉద్యోగం మారుతుంటే ఈ మాట చెవిన వేయండి.

ఇందులో ఇంకో మంచి సంగతి. సభ్యుడు ఉద్యోగంలో ఉండగా పోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పింఛను వస్తుంది. దానికి పదేళ్ళు అక్కరలేదు. 25 ఏళ్ళు నిండని పిల్లలకు, ఒకేసారి ఇద్దరి దాకా, వేరేగా వస్తుంది. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలు చేశారు. వెయ్యితో ఏమవుతుందంటారా? ఉప్పూ పప్పూ అయినా మన డబ్బుతో కొన్నామనే ధైర్యం ఉంటుంది.

తగవు తెంచుకునే మెట్లు

మా అత్తమ్మ దరఖాస్తు ఇచ్చాక "పైకి పంపినం" అనే మాట నాలుగు నెలలు విన్నాం. పైన అంటే ఎక్కడ? ఎవరూ చెప్పరు. అప్పుడు మా ఎదురింటి టీచరమ్మ "నోటితో అడగడం మానెయ్యి వదినా, రాసి అడుగు" అంది. ఆ మాటే మమ్మల్ని గట్టెక్కించింది. నేను నేర్చుకున్న వరుస ఇదీ.

మొదటి మెట్టు, రసీదు. ఏ దరఖాస్తయినా రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వేయమంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. నోటిమాటకు తేదీ ఉండదు.

రెండో మెట్టు, పై అధికారి. నెల దాటితే పాత దరఖాస్తు నకలు జతచేసి పై అధికారికి రాయండి. "దయచేసి కనికరించండి" అని రాయకండి. "ఫలానా తేదీన ఇచ్చాను, ఏ దశలో ఉందో తెలపండి" అని రాయండి.

మూడో మెట్టు, ఫిర్యాదు రోజు. రాష్ట్ర ప్రభుత్వ పింఛనైతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. మాకు ఆసిఫాబాదు. ఇ.పి.ఎఫ్. వాళ్ళు 2023 జనవరి నుంచి నెలనెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' పేరుతో శిబిరాలు పెడుతున్నారు. పూర్తి కాగితాలతో ఇచ్చిన క్లెయిమును 20 రోజుల్లో తేల్చాలనీ, కారణం లేకుండా ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ పడుతుందనీ వాళ్ళ 1995 పథకంలోనే ఉంది. ఆ మాట అర్జీలో రాయండి. బొగ్గు బావుల పి.ఎఫ్. కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి ఢిల్లీ వాళ్ళ సీపీగ్రామ్స్ ఫిర్యాదుల విభాగానికి నెట్‌లో పెట్టవచ్చు. పిల్లల చేత పెట్టించండి.

నాలుగో మెట్టు, సమాచార హక్కు. 2005 చట్టం ఇది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అసలే లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నేను మూడే ప్రశ్నలు రాశాను. ఫైలు ఏ తేదీన ఎక్కడికి పంపారు? అక్కడి నుంచి ఏం జవాబొచ్చింది? ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

జవాబు చదివి నేను కూలబడిపోయాను. పేరు తేడా ఉందని ఆక్షేపణతో ఆ ఫైలు మూడు నెలల కిందటే తిరిగొచ్చింది. బీరువాలో ఉంది. ఒక్క ఉత్తరం ముక్క మాకు రాయలేదు. మేమేమో ఒకటో తారీఖు కోసం ఎదురుచూస్తున్నాం!

అప్పుడు మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీలు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చాం. మూడు పేర్లూ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ చేయించాం. ఆధార్‌లో పేరు దిద్దించాం. అన్నీ కలిపి ఇచ్చి రసీదు తీసుకున్నాం.

ఐదో మెట్టు, న్యాయ సహాయం. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఆదాయం ఎంతున్నా సరే, ఉచితంగా లాయరును ఇస్తారు. ఇది మనలో ఎంతమందికి తెలుసు? దగ్గరి కోర్టులోని న్యాయసేవా సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కోర్టు ఫీజు లేకుండానే తేలిపోతుంది.

ఆఖరి మెట్టు, కోర్టు. ఇక్కడ తేడా గమనించండి. ఇ.పి.ఎఫ్. సభ్యుడు వినియోగదారుడేనని 1999లో శివకుమార్ జోషి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వాళ్ళు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి, మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. ప్రభుత్వ ఉద్యోగుల పింఛనుకు ఆ దారి లేదని 2013లో అదే కోర్టు తేల్చింది. 2016లో తెలంగాణకు పరిపాలనా ట్రిబ్యునల్ కూడా తీసేశారు. వాళ్ళకిక హైకోర్టే గతి. అందుకే అక్కడి దాకా పోకుండా కింది మెట్ల మీదే తేల్చుకోవడం మేలు.

ఈ ఆదివారం చేయండి

భోజనాలయ్యాక మీ ఆయన్ని కూర్చోబెట్టి ఈ పని చేయించండి. అపశకునమనుకోకండి. బతికుండగా చేస్తే గంట పని, పోయాక చేస్తే ఏడాది పని.

* ఒక గుడ్డ సంచి కుట్టి అందులో పి.పి.ఓ. లేదా సర్వీసు కాగితాలు, బ్యాంకు పుస్తకం, ఆధార్ నకళ్ళు, పెళ్ళి ఫొటో పెట్టండి. ఎలుకలకు అందని చోట ఉంచండి.
* అన్ని కాగితాల్లో మీ పేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా ఉన్నాయా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి.
* నామినీ పేరు చూడండి. పెళ్ళికి ముందు రాసిన నామినేషన్లో అత్తగారి పేరే ఉండిపోయి ఉంటుంది.
* మీ పేరున బ్యాంకు ఖాతా తెరవండి. సంతకం రాకపోతే నేర్చుకోండి.
* ఏటా ఇచ్చే బతికున్నట్టు ధ్రువపత్రం గడువు క్యాలెండర్ మీద రాసుకోండి. పొలం పని చేసిన వేళ్ళకు వేలిముద్ర పడదు. జీవన్ ప్రమాణ్‌లో 2021 నుంచి మొహం ఫొటోతోనూ ఇవ్వవచ్చు.
* ఖాళీ కాగితం మీద వేలిముద్ర ఎవరికీ వేయకండి. "నేను పని చేయిస్తా, ఇంతివ్వు" అనేవారిని గుమ్మం దాటనివ్వకండి.

పదకొండు నెలల బాకీ మా అత్తమ్మ ఖాతాలో ఒకేసారి పడింది. ఎక్కువగా తీసిన రెండు నెలల డబ్బు అందులోనే పట్టుకున్నారు. ఆ రోజు ఆమె నాతో సంతకు వచ్చింది. ముందు షావుకారు దగ్గరికి పోయి గుండ్లు విడిపించుకుంది. తర్వాత తమలపాకుల దుకాణం ముందు ఆగి ఒక కట్ట ఆకులు, వక్క కొని కొంగున ముడేసుకుంది. అప్పుడు తట్టింది నాకు, ఏడాదిగా ఆమె ఆకూ వక్కా మానేసిందని. రోజూ అన్నం పెట్టే నేను గమనించలేదు.

"అడిగితే కొననా అత్తమ్మా?" అన్నాను.

"కొంటవు బిడ్డా, ఎందుకు కొనవు? అడుగుడే రాలే నాకు" అంది.

మీ ఇంట్లోనూ అడగలేని అత్తమ్మో, అమ్మో ఉండే ఉంటుంది. ఈ వారం ఆమె కాగితాలు ఒకసారి తీసి చూడండి.